ఆ మసక డిస్కుది కాదు, సినిమాదే

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్ళీ చెబుతాను, తప్పయితే సరిదిద్దండి. రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ‘మెక్‌కేబ్ అండ్ మిసెస్ మిల్లర్’ 4కే డిస్కును అమెరికా నుంచి తెప్పించుకున్నారు. పునరుద్ధరించిన ప్రతి అని నమ్మి కొన్నారు. తీరా పెట్టి చూస్తే బొమ్మకు మల్లు గుడ్డ అడ్డం కట్టినట్టుంది. నలుపు ఉండాల్సిన చోట బూడిదరంగు ఉంది. చీకటి గదుల్లో సన్నని ఇసుక చల్లినట్టు రేణువులు కదులుతున్నాయి. మాటలు సగం వినపడవు, పాటలు మాత్రం చెవి పక్కన పాడినట్టున్నాయి. జతగా వచ్చిన బ్లూరేను (4కేకు ముందు తరం డిస్కు) హైదరాబాదులో కొన్న మీ ప్లేయర్ తీసుకోనే లేదు. లోపం డిస్కుదా, టీవీదా, లేక పునరుద్ధరణ పేరుతో మిమ్మల్ని మోసం చేశారా, తిరిగి పంపేయాలా అని అడిగారు.

పంపకండి. మీరు చెప్పినవాటిలో ఒకటి సినిమా స్వభావం, ఒకటి మీ టీవీ నిర్వాకం, ఒకటి ప్రాంతీయ తాళం (ఒక చోటి డిస్కు మరో చోట ఆడకుండా పెట్టే అడ్డు), మిగిలినదాంట్లో కొంత నిజంగానే లోపం. అది కూడా డిస్కు చేసిన లోపం కాదు, సినిమా విడుదలైన 1971 నుంచీ ఉన్నదే. ఒక్కొక్కటి చెబుతాను. కాస్త పొడవవుతుంది, ఓపిక పట్టండి.

నేను మద్రాసులో ఒక ల్యాబులో దాదాపు ఇరవై ఏళ్ళు కలర్ గ్రేడింగ్ విభాగంలో పనిచేశాను. నెగటివ్ (కెమెరాలో బొమ్మ పడిన అసలు ఫిల్ము) నుంచి ప్రింటు తీసేటప్పుడు ఏ షాటుకు ఎంత ఎరుపు, ఎంత ఆకుపచ్చ, ఎంత నీలం వెలుతురు ఇవ్వాలో నిర్ణయించే పని. చేరిన కొత్తలో ఒక ఘనకార్యం చేశాను. ఒక సినిమాలో తెల్లవారుజామున ఏటి ఒడ్డున తీసిన సన్నివేశం వచ్చింది. బొమ్మ పలచగా, నీలంగా, మసకగా ఉంది. ఎక్స్‌పోజర్ తప్పిందనుకుని లైట్లు పెంచి, నీలం తగ్గించి, మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలా తయారు చేసి పంపాను. తొలి కాపీ చూసిన ఛాయాగ్రాహకుడు నా దగ్గరికి వచ్చి అరవలేదు, తిట్టలేదు. “ఆ మంచు కోసం మూడు రోజులు నాలుగింటికి లేచాను బాబూ” అన్నాడు, అంతే. ఆ మాట నలభై ఏళ్ళుగా నా చెవిలో ఉంది. మీ ఉత్తరం చదివాక మళ్ళీ వినిపించింది.

మీ డిస్కులోని మసకను కూడా కష్టపడి, కావాలని తెచ్చుకున్నారు. ఛాయాగ్రాహకుడు విల్మోష్ జిగ్మండ్. హంగరీ దేశస్థుడు, 1956లో అక్కడ సోవియట్ పెత్తనం మీద జరిగిన తిరుగుబాటును కెమెరాలో బంధించి, స్నేహితుడు లాస్లో కోవాచ్‌తో కలిసి ఆ రీళ్ళతో దేశం దాటినవాడు. ఈ సినిమా పాత ఫొటోల్లా, వాడిపోయిన ఆల్బం పుటల్లా ఉండాలన్నది ఆల్ట్‌మన్ కోరిక. దానికి జిగ్మండ్ ఎంచుకున్న దారి ఫ్లాషింగ్. కెమెరా ముందు మామూలు మబ్బు తెరల ఫిల్టర్లు పెట్టడంతో ఊరుకోకుండా, నెగటివ్‌కే ముందుగా చాలా తక్కువ మోతాదులో అంతటా ఒకే రకంగా వెలుతురు చూపించి, ఆ తర్వాత డెవలప్ చేయించారు.

దీనివల్ల ఏమవుతుందో శ్రీకాళహస్తి కలంకారీ చూసినవారికి సులువుగా చెప్పవచ్చు. అక్కడ గుడ్డమీద నేరుగా కలం పెట్టరు. ముందు పాలలో, కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. గుడ్డంతా ఒక లేత పసుపు నేల పడుతుంది. ఆ తర్వాత వేసే ప్రతి రంగూ ఆ నేల మీదనే నిలుస్తుంది. ఎవరైనా ఆ పసుపును చూసి ఇది మురికి, ఉతికి తెల్లగా చేయాలి అంటే ఏమంటాం? ఫ్లాషింగ్ కూడా నెగటివ్‌కు నేల పట్టించడమే. ఫిల్ముకు ఒక గుణం ఉంది: కొంత కనీస వెలుతురు పడేదాకా అది స్పందించదు. నీడల్లో ఉన్న ముఖం, మూల ఉన్న కుర్చీ ఆ గడప దాటక అచ్చ నలుపులో కలిసిపోతాయి. ముందుగానే కాస్త వెలుతురు తాగించి ఉంచితే గడప దాటే పని సగం అయిపోయినట్టే. నీడలు లేస్తాయి, వాటిలోని వివరం దక్కుతుంది. దీపపు శిఖలాంటి ప్రకాశమైన చోట ఆ పిసరంత అదనపు వెలుతురు లెక్కలోకే రాదు. అందుకే నలుపు బూడిదవుతుంది, రంగులు నీరసిస్తాయి, వెలుగుకూ చీకటికీ మధ్య దూరం తగ్గుతుంది. మీరు ఫిర్యాదు చేసినదంతా ఇదే.

నాకు ఎంతగానో నచ్చేది దీని వెనుక ఉన్న కొంటెతనం. మసక కావాలంటే ప్రింటు తీసేటప్పుడు కూడా కొంత తేవచ్చు. కానీ అలా చేస్తే నెగటివ్ శుభ్రంగా మిగిలిపోతుంది. దర్శకుడు అటు వెళ్ళగానే స్టూడియో మంచి మెరిసే ప్రింట్లు తీసుకుంటుంది. అందుకే నెగటివ్‌లోనే మసకను పాతేశారు. నిర్మాణ సంస్థ వార్నర్ బ్రదర్స్ వారు రోజువారీ ప్రింట్లు చూసి హడలిపోతే, ఇది షూటింగు జరుగుతున్న కెనడాలోని ల్యాబు చేతగానితనం, ఇంటికి వచ్చాక సరిగ్గా తీయిద్దాం అని ఆల్ట్‌మన్ సర్దిచెప్పిన వైనాన్ని జిగ్మండ్ తర్వాతి కాలంలో ఇంటర్వ్యూలలో చెప్పుకున్నారు. పాపం ఆ ల్యాబువాళ్ళు, నిందలు మోయడం మా వృత్తిధర్మం.

ఇప్పుడు ఆలోచించండి. మా కాలపు ప్రింటర్ మీద మేము చేయగలిగింది మూడు రంగుల వెలుతురును పెంచడం, తగ్గించడం. ఒక్కో రంగుకు యాభై మెట్లు. మెట్టు దిగితే బొమ్మంతా దిగుతుంది, ఎక్కితే అంతా ఎక్కుతుంది. నీడలను మాత్రమే పట్టుకుని కిందికి లాగడానికి మా దగ్గర చేయి లేదు. నలుపు కోసం ముదురుగా ప్రింటు తీస్తే దీపాలు, ముఖాలు కూడా చీకటిలో మునిగేవి. అందుకని జిగ్మండ్ నెగటివ్‌లో పాతిన మసకను ఆ రోజుల్లో ఎంత పెద్ద స్టూడియో అయినా తీయలేకపోయింది. ఈరోజు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు నీడలను విడిగా పట్టుకుని పది నిమిషాల్లో బొగ్గులా నల్లగా చేసేయగలడు. ఫిల్ములో సహజంగా ఉండే రేణువులను తుడిచేసి ముఖాలను మైనంలా నునుపు చేయగలడు. అలా చేసి ఉంటే మీరు ఈ ప్రశ్న అడిగి ఉండేవారే కాదు, బొమ్మ అద్దంలా ఉందని మురిసిపోయేవారు. సినిమా మాత్రం పోయేది.

అందువల్ల ఈ డిస్కు విషయంలో పునరుద్ధరించినవారి పనితనాన్ని వారు చేయనిదాన్ని బట్టి కూడా కొలవాలి. మంచి సినిమాలను ఏరి డిస్కులుగా తెచ్చే అమెరికా సంస్థ క్రైటీరియన్ 2016 అక్టోబరులో 4కే పునరుద్ధరణ నుంచి బ్లూరే తెచ్చింది, 2024లో 4కే డిస్కు తెచ్చింది. అంతకుముందు 2002లో వార్నర్ వారి డీవీడీ ఉండేది. ఆ డీవీడీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో మసకకూ రేణువులకూ తేడా తెలియదు, రెండూ కలిసి ముద్దయిపోయాయి. వర్షంలో బురద, పొగలో గడ్డం, దీపం వెనుక గోడ, అన్నీ ఒకే గోధుమరంగు గంజి. బ్లూరేలో మొదటిసారి మసక వెనుక ఏముందో కనబడింది: కోటు మీది బొచ్చు, తడిసిన చెక్క గరుకు, సీసాల మీద దీపపు చుక్కలు. మసక అలాగే ఉంది, చూపు లోపలికి వెళ్ళింది. తెరను తీసేయకుండా కడిగి కట్టడమంటే ఇదే. 4కే డిస్కును మా అమ్మాయి ఇంట్లో, న్యూజెర్సీలో చూశాను. బ్లూరే నుంచి దానికి పెద్ద గంతేమీ కాదు. ఉన్న తేడా ఏమిటంటే రేణువులు సహజంగా, ఊపిరి పీలుస్తున్నట్టు కనిపిస్తాయి, మబ్బు నుంచి మబ్బుకు మారే చోట గీతలు పడవు.

ఆ గీతల మాట కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సినిమాకు డిస్కు ఎందుకు కొనాలో అందులోనే ఉంది. వీడియోను కుదించే పద్ధతికి శుభ్రమైన గోడ ఇష్టం, కదలని బొమ్మ ఇష్టం. మంచు, పొగ, వర్షం, రేణువులు దానికి గిట్టవు. ప్రతి ఫ్రేములో ప్రతి చుక్కా మారుతుంది, దేన్నీ దాచుకుని మళ్ళీ వాడుకోవడానికి వీలుండదు. స్ట్రీమింగ్‌లో డేటా పొదుపు కోసం మొదట బలిచ్చేది ఆ రేణువులనే. చీకటి మూలల్లో గళ్ళు గళ్ళుగా, మబ్బుల్లో మెట్లు మెట్లుగా కనిపించేది అందుకే. బ్లూరేకు 50 గిగాబైట్ల దాకా, 4కే డిస్కుకు 100 దాకా చోటు ఉంటుంది. రెండు గంటల ఒక నిమిషం సినిమాకు అది ధారాళం. ఈ సినిమాలో మొదటి రీలు వానతోనూ, చివరి రీలు మంచుతోనూ నిండి ఉంటాయి. నెట్‌లో చూసి ఇంతేనా అనుకున్నవారు సగం సినిమా చూడలేదనే నా అభిప్రాయం.

ఇక మీ టీవీ. కొట్లో పక్కపక్కన ఇరవై టీవీలు వెలుగుతుంటే కొనేవాడి కన్ను బాగా మెరిసేదాని మీద పడుతుంది. కంపెనీలకు అది తెలుసు. మా రోజుల్లోనూ ఇదే కథ. బి, సి సెంటర్లలో కొన్ని థియేటర్లవారు కార్బన్ కడ్డీలు ఆదా చేయడానికి ప్రొజెక్టరులోని ఆర్క్ దీపాన్ని మసకగా వెలిగించేవారు. డిస్ట్రిబ్యూటరు వచ్చి ప్రింటు డల్లుగా ఉందని మా మీద విరుచుకుపడేవాడు. మేము వాళ్ళ కోసం ఒక మెట్టు లేతగా తీసి ఇచ్చేవాళ్ళం. మంచి దీపమున్న థియేటరులో అదే ప్రింటు సున్నం కొట్టినట్టుండేది. మీ టీవీ కూడా పెట్టెలోంచి బయటికి తీసినప్పుడు కొట్టుకు తగినట్టు ఉంటుంది, ఇంటికి తగినట్టు కాదు.

పిక్చర్ మోడ్‌ను ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’కు మార్చండి. అప్పుడు రంగు కాస్త పసుపుకు తిరిగినట్టనిపిస్తుంది, రెండు రోజుల్లో కంటికి అలవాటవుతుంది, అసలైన తెలుపు అదే. కదలికను నునుపు చేసే సదుపాయం ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో ముద్దుపేరు పెట్టింది. దాన్ని పూర్తిగా ఆపేయండి. అది సెకనుకు 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను ఊహించి ఇరికిస్తుంది. ఈ సినిమాలో కెమెరా నెమ్మదిగా జూమ్ అవుతూ జనంలోంచి ఒక ముఖాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఆ సదుపాయం ఉంటే రేణువులు ముఖాలకు అతుక్కుని చీమల్లా పాకుతాయి. మీరు చెప్పిన ఇసుక కదలికలో సగం ఇదేనని నా అనుమానం. షార్ప్‌నెస్‌ను బాగా తగ్గించండి, చాలా టీవీల్లో సున్నా దగ్గరే సరైనది. నాయిస్ రిడక్షన్ పేరుతో ఏమున్నా ఆపండి. కాంట్రాస్ట్‌ను తనంతట తాను మార్చే ‘డైనమిక్’ వ్యవహారం ఈ సినిమాకు పరమ శత్రువు. బూడిదరంగు నీడను చూసి ఇదేదో తప్పు అనుకుని నల్లగా నొక్కేస్తుంది. నేను కుర్రతనంలో చేసిన ఘనకార్యాన్ని అది క్షణానికి అరవైసార్లు చేస్తుంది. ఇంకొక మాట: చాలా టీవీల్లో ప్లేయర్ తగిలించిన చోటుకు సెట్టింగులు విడిగా ఉంటాయి. మామూలు ఛానల్ పెట్టి అన్నీ మార్చేసి, డిస్కు పెట్టగానే మళ్ళీ మొదటికి వచ్చిందేమిటి అని తల పట్టుకోకండి. డిస్కు నడుస్తుండగానే మార్చండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? మొదటి పది నిమిషాలు చాలు. బొచ్చు కోటులో హీరో మెక్‌కేబ్ వానలో గుర్రం మీద ఊరిలోకి వస్తాడు, కోటు విప్పి బౌలర్ టోపీ పెట్టుకుంటాడు, షీహన్ సారా కొట్టులోకి వెళ్ళి బల్లమీద గుడ్డ పరచి పేకాటకు కూర్చుంటాడు. ఆ కొట్టులో లాంతర్ల పసుపు తప్ప వెలుగు లేదు. వెనుక వరుసలో ఉన్నవారి ముఖాలు చూడండి. పూర్తిగా నల్లటి గుంటలయితే టీవీ ఇంకా జోక్యం చేసుకుంటున్నట్టు. పాలలో ముంచినట్టు తెల్లబారి ఉంటే గదిలో దీపాలు ఆర్పలేదన్నమాట, లేదా బ్రైట్‌నెస్ ఎక్కువైంది. గోధుమరంగు చీకటిలో గడ్డాలూ కళ్ళూ వెతికితే దొరికేలా ఉంటే చాలు, ఇక రిమోట్ పక్కన పెట్టేయండి. బయట నీలం, ఆకుపచ్చ కలిసిన చలి, లోపల పసుపు వెచ్చదనం, ఈ రెండింటి మధ్య తేడా మీకు చర్మానికి తెలియాలి. సినిమా సగం దాని మీదే నడుస్తుంది.

పైనా కిందా నల్లపట్టీలు ఎందుకని మీరు అడగలేదు కానీ, అడిగేవారు ఉంటారు కాబట్టి ఒక్క మాట. ఇది పానావిజన్ వెడల్పు తెరకు తీసిన సినిమా. టీవీ తెర అంత వెడల్పు కాదు. పట్టీలను పోగొట్టడానికి జూమ్ చేస్తే పక్కన ఉన్న మనుషులు పోతారు, ఆల్ట్‌మన్ సినిమాలో అసలు సంగతి తరచూ పక్కనే జరుగుతుంటుంది.

మాటల విషయంలో మాత్రం మీకు పూర్తి ఊరట ఇవ్వలేను. ఆల్ట్‌మన్‌కు ఒకరు మాట్లాడి ఆగాక మరొకరు మాట్లాడడం నచ్చదు. నిజమైన సారా కొట్టులో పది మంది ఒకేసారి మాట్లాడతారు, మనకు కావలసినది మనం ఏరుకుంటాం. ఆ అనుభవమే కావాలన్నాడు. మెక్‌కేబ్ పైగా తనలో తాను గొణుక్కునే మనిషి. ఇంతవరకు ఉద్దేశమే. కానీ ఉద్దేశం వేరు, అమలు వేరు. విడివిడి ట్రాకుల మీద ఎన్నో మైకులతో మాటలు పట్టే పద్ధతిని ఆల్ట్‌మన్ స్థిరపరచుకున్నది ఆ తర్వాత కొన్నేళ్ళకు. ఈ సినిమా నాటికి ఆ పరికరాలు లేవు. ముఖ్యంగా మొదటి రీళ్ళలో ధ్వని బురదగా ఉందని విడుదలైన రోజుల్లోనే విమర్శకులు మొత్తుకున్నారు, మెక్‌కేబ్ పాత్ర వేసిన వారెన్ బీటీకే అది మింగుడు పడలేదు. ఆల్ట్‌మన్ మార్చనన్నాడు. నా మటుకు నేను ఇందులో బీటీ పక్షం. బొమ్మలో మసక అందం, మాటలో మసక అన్నివేళలా అందం కాదు. పునరుద్ధరించినవారు బుసలు, చిటపటలు తుడవగలరు కానీ మైకు పట్టని మాటను పుట్టించలేరు. డిస్కులో ఉన్నది మోనో ధ్వని, ఒకే ట్రాకు, అది సరైనదే. మీరు సౌండ్‌బార్ వాడుతుంటే దానిలోని కృత్రిమ సరౌండ్ సదుపాయం ఆపేయండి. ఒకే బిందువు నుంచి రావలసిన మాటను అది గదంతా పూస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు పెట్టుకోవడానికి మొహమాటపడకండి. నేను పెట్టుకునే చూస్తాను. రెండోసారి చూసేటప్పుడు తీసేస్తే, వినపడనివి వినపడకపోయినా ఫరవాలేదని మీకే తెలుస్తుంది.

పాటలు స్పష్టంగా ఉండడానికి కారణం అవి సినిమా కోసం సెట్టులో రికార్డు చేసినవి కాకపోవడమే. కెనడా గాయకుడు లెనర్డ్ కోహెన్ 1967 నాటి తొలి ఆల్బంలోని మూడు పాటలు. పాత్రలెవరూ పెదవి కదపరు, పాట పైనుంచి మంచులా కురుస్తుంది. కోహెన్‌ను అడిగినప్పుడు, ఆల్ట్‌మన్ అంతకుముందు తీసిన ‘బ్రూస్టర్ మెక్‌క్లౌడ్’ తనకు ఎంతో ఇష్టమని చెప్పి ఒప్పుకున్నాడట. డబ్బులు రాని సినిమా కూడా ఇలా పనికొస్తుందన్నమాట.

మీ నిరాశలో మరొక పాలు ఉందని నాకనిపించింది. కౌబాయ్ సినిమా అని చెప్పి తెప్పించుకున్నాను, ఇందులో కౌబాయ్ ఎక్కడ అన్నారు. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, తప్పుగా అనుకోకండి. మన తరానికి కౌబాయ్ అంటే 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’. కృష్ణ టోపీ, గుర్రం, రాజస్థాన్ ఇసుక, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ దూకుడు, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. అది ఇటలీవారి వెస్టర్న్‌ల దారి: ఎండ, దుమ్ము, చెమట, కన్నుల క్లోజప్, తుపాకి తీసేముందు మౌనం. సుమారు రెండు నెలల ముందు, అదే 1971 జూన్‌లో, అమెరికాలో ఆల్ట్‌మన్ ఈ సినిమాను వదిలాడు. ఎండ లేదు, ఎడారి లేదు. 1902, వాషింగ్టన్ రాష్ట్రంలో జింకు గనుల పక్కన చలిలో వణుకుతున్న, సగం కట్టిన ఊరు. దాని పేరు ప్రెస్బిటేరియన్ చర్చ్, చర్చి మాత్రం ఎవరికీ పట్టదు. హీరో పేకాటరాయుడు, పెట్టుబడి వేశ్యాగృహం మీద. లెక్కలు రాని అతనికి వ్యాపారం నేర్పేది లండన్ యాస మాట్లాడే మిసెస్ మిల్లర్, జూలీ క్రిస్టీ వేసిన పాత్ర, ఆ ఏడాది ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది. ఎదిరి పక్షం బందిపోటు కాదు, గని కంపెనీ. ఊరిని కొంటామని మర్యాదగా మనుషులను పంపుతుంది. మన వాడు బేరం పెంచుదామని బెట్టు చేస్తాడు. తర్వాత కంపెనీ పంపే మనుషులు వేరు. ఇంతకుమించి చెప్పను, చివరి ఇరవై నిమిషాలు మీరే చూడండి. తుపాకుల పోరు ఉంటుంది, కానీ ఎదురెదురుగా నిలబడి లెక్కపెట్టుకునే పోరు కాదు.

ఆ ఊరు కూడా బొమ్మ ఊరు కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, వెస్ట్ వాంకూవర్ కొండల్లో, కళాదర్శకుడు లియోన్ ఎరిక్‌సన్ దాన్ని నిజంగానే కట్టించాడు. వియత్నాం యుద్ధానికి వెళ్ళనని సరిహద్దు దాటి వచ్చిన అమెరికా కుర్రవాళ్ళు కొందరు వడ్రంగులుగా చేరి, ఆ ఇళ్ళలోనే కాపురముండి, ఆనాటి దుస్తుల్లోనే కెమెరా ముందు చెక్కలకు మేకులు కొడుతూ కనిపిస్తారు. సినిమాను చాలావరకు కథ వరుసలోనే తీశారు కాబట్టి ఊరు మన కళ్ళముందే లేస్తుంది. మొదట గుడారాలు, తర్వాత పచ్చి చెక్క గోడలు, తర్వాత వాటి మీద మంచు. 4కేలో కొత్త చెక్క రంగు వారం వారం మారడం కూడా గమనించవచ్చు. పాత డీవీడీలో అది నాకెప్పుడూ తెలియలేదు.

మన దగ్గర పునరుద్ధరణ అంటే చాలామందికి రంగులు పెంచడమో, లేని రంగు వేయడమో అన్న అభిప్రాయం ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది 2010లో విడుదల చేశారు. నేనూ వెళ్ళి చూశాను, పిల్లలు ఆనందించారు, దాన్ని తప్పు పట్టను. కానీ అది వేరే పని. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల్లో ఆలోచించి పెట్టిన వెన్నెల మీద ఇంకొకరు గీసిన బొమ్మ అది. 2023 మే 31న కృష్ణ జయంతికి ‘మోసగాళ్ళకు మోసగాడు’ను 4కేలో మళ్ళీ థియేటర్లకు తెచ్చినప్పుడు, ఈలల మధ్య నేను వెతికింది మాత్రం ఆ ఎడారి ఎండ మొదటిసారి చూసినట్టే కళ్ళు చిట్లించేలా ఉందా లేదా అని. ఎండ సినిమాకు ఎండ దక్కాలి, మసక సినిమాకు మసక దక్కాలి. ఆల్ట్‌మన్ 2006లో పోయారు. జిగ్మండ్ 2016 జనవరి 1న పోయారు, ఆ ఏడాది అక్టోబరులోనే బ్లూరే వచ్చింది. ఇక ముందు ఎవరైనా దీన్ని మళ్ళీ ముట్టుకుంటే, ఇది తప్పు అని గది బయట నిలబడి చెప్పడానికి ఆ ఇద్దరూ లేరు. నెగటివ్‌లో పాతిన ఆ నేల ఒక్కటే సాక్ష్యం.

చివరగా తీసుకోని డిస్కు సంగతి. బ్లూరేలకు ప్రపంచాన్ని ఎ, బి, సి అని మూడు ముక్కలు చేశారు. అమెరికా ఎ, మనం సి. క్రైటీరియన్ వారి అమెరికా బ్లూరేకు ఎ తాళం ఉంటుంది. మీ ప్లేయర్ సి కాబట్టి తిప్పికొట్టింది, డిస్కు పాడవలేదు. 4కే డిస్కులకు ఈ తాళాల గొడవ లేదు, అందుకే అది నడిచింది. చిక్కేమిటంటే అదనపు అంశాలు దాదాపు అన్నీ సాధారణంగా ఆ బ్లూరేలోనే ఉంటాయి. నిర్మాణంపై డాక్యుమెంటరీ, జిగ్మండ్ పాత ఇంటర్వ్యూలు, ఎరిక్‌సన్‌తో ప్రశ్నోత్తరాలు, 1971లో డిక్ కావెట్ టీవీ కార్యక్రమంలో ఆల్ట్‌మన్, విమర్శకురాలు పాలీన్ కేల్ మాట్లాడిన భాగాలు. ముఖ్యంగా జిగ్మండ్ చెప్పేది నా సమాధానం కన్నా వెయ్యి రెట్లు మేలు. అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడే ప్లేయర్లు దొరుకుతాయి, కొనేముందు బ్లూరేకు కూడా అన్ని ప్రాంతాలూ పనిచేస్తాయా అని గట్టిగా అడగండి. డీవీడీకి మాత్రమే తాళం తీసి, అన్నీ ఆడతాయని అమ్మేవాళ్ళున్నారు. నాకు ఒకసారి అలాగే అంటగట్టారు.

టీవీ సరిచేసి, రాత్రి దీపాలన్నీ ఆర్పి మళ్ళీ ఒకసారి చూడండి. అప్పటికీ నచ్చకపోతే అది సినిమా మీద మీ అభిప్రాయం, దానికి మందు లేదు. అమ్మేయాలనిపిస్తే మాత్రం బయట ప్రకటన ఇచ్చేముందు నాకొక మాట చెప్పండి. నా దగ్గర ఉన్నది ఇంకా 2016 నాటి బ్లూరేనే.